డీజిల్ పోవాలి, మనిషి మిగలాలి

(షోలాపూరులో మే దినం సందర్భంగా జరిగిన కార్మికుల అధ్యయన సభలో మన సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సభలో రేవుల గురించి, రేవుల్లోకి వస్తున్న కరెంటు గురించి, బ్యాటరీల గురించి మాట్లాడతామని చెప్పగానే మనవాళ్లు కొందరు నవ్వారు. "సాంచాల కష్టం చాలదా, మధ్యలో ఓడల సంగతి ఎందుకన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మూడు మాటల్లో చెబుతాం.

ఒకటి, మనం నేసిన టవలు పరదేశం పోవాలంటే నవా షేవా రేవు దాటాలి. రెండు, మన పిల్లలు చాలామంది ఇప్పుడు మిల్లుల్లో లేరు. పోదామన్నా ఆ మిల్లులు లేవు. కొందరు ట్రెయిలర్లు నడుపుతున్నారు, కొందరు గోదాముల్లో ఉన్నారు, కొందరు రేవు టెర్మినళ్లలో కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నారు. మూడు, ఇవాళ రేవులో మొదలైనది మనం మిల్లులో ఒకసారి చూసి వచ్చిందే. చూసినవాళ్లం నోరు మూసుకుని కూర్చుంటే అది తప్పు.

మిల్లులోకి కరెంటు వచ్చిన కథ

మన తాతలు కరీంనగర్, నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి మూట కట్టుకుని షోలాపూరుకూ ముంబయికీ వచ్చిన తొలి రోజుల్లో మిల్లులు ఆవిరి ఇంజనుతో నడిచేవి. ఒక్క ఇంజను, దానికి పైకప్పు కింద పొడవాటి షాఫ్టు, షాఫ్టు నుంచి ఒక్కో మగ్గానికి తోలు పట్టా. చీకటి పడితే దారం కనపడదు కాబట్టి పని ఆగేది.

1905 ప్రాంతంలో ముంబయి మిల్లుల్లో ఎలక్ట్రిక్ దీపాలు వెలిగాయి. దీపం మంచిదే, ఎవరు కాదంటారు? కానీ ఆ దీపం కింద యజమానులు పని దినాన్ని 14, 15 గంటల దాకా లాగారు. కార్మికులు అలజడి చేశారు. ప్రభుత్వం 1907-08లో ఫ్యాక్టరీ కార్మికుల మీద కమిషను వేసింది. చివరికి 1911 చట్టంలో బట్టల మిల్లుల మగవాళ్లకు రోజుకు 12 గంటలని హద్దు పెట్టాల్సి వచ్చింది.

1915లో ఖోపోలీ నుంచి టాటాల జల విద్యుత్తు ముంబయి మిల్లులకు చేరింది. బొగ్గు ఖర్చు తగ్గింది, మెల్లగా పట్టాలు పోయాయి, పట్టాల్లో చేతులు నలిగే ప్రమాదమూ తగ్గింది. అదీ మంచిదే. మరి బాయిలరు దగ్గర బొగ్గు ఎగదోసిన వాళ్లు ఏమయ్యారు? వాళ్ల పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు.

దీన్నిబట్టి మనకు తెలిసేది ఒకటే. కరెంటు తీగ మీద ఏమీ రాసి ఉండదు. ఎన్ని గంటలు, ఎంతమంది, ఎంత కూలి అనేది కాగితం మీద రాస్తారు. ఆ కాగితం రాసేటప్పుడు మనం గదిలో ఉన్నామా, గేటు బయట ఉన్నామా అన్నదే అసలు సంగతి.

రేవులో డీజిల్ ఎక్కడెక్కడ కాలుతుంది

రేవు చూడనివాళ్ల కోసం చెబుతాం. ఓడ వచ్చి బెర్తుకు కట్టుకుంటుంది. పెద్ద ఇంజను ఆపేస్తారు. కానీ ఓడలో దీపాలు, పంపులు, వంటిల్లు, చల్లగా ఉంచాల్సిన కంటైనర్లు, ఇవన్నీ నడవాలి. అందుకు చిన్న ఇంజన్లు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. "చిన్న" అన్నామని తేలిగ్గా తీసుకోకండి. కట్టేసి ఉన్న ఒక కంటైనరు ఓడకు 1,500 కిలోవాట్లు కావాలంటే, అది ఒక హార్స్‌పవర్ మోటారు ఉన్న సాంచాలు రెండు వేలు ఒకేసారి నడిపినంత. పెద్ద ఓడలకు ఇంకా ఎక్కువే కావాలి.

ఇక యార్డులో రబ్బరు చక్రాల క్రేన్లు. ఒక్కోదాని మీద ఒక డీజిల్ జనరేటరు. కంటైనరు ఎత్తేది కొన్ని నిమిషాలే, మిగతా సమయం ఊరికే ఇంజను తిరుగుతూ పొగ వదులుతుంది. తరువాత ట్రెయిలర్లు, వరసలో నిలబడి. నీళ్లలో టగ్గులు, పెద్ద ఓడను నెట్టి ఒడ్డుకు చేర్చే పడవలు. అన్నీ డీజిలే.

ఆ పొగను పీల్చేది ఎవరు? క్రేను కింద నిలబడి లంగరు కొక్కేలు విప్పేవాడు, ట్రెయిలరు డ్రైవరు, రేవు గోడ అవతల గుడిసెలో పడుకున్న పిల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగ మనిషికి క్యాన్సర్ తెస్తుందని తేల్చి, మొదటి వర్గంలో చేర్చింది. ఊపిరితిత్తుల గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. దూది దుమ్ముతో వచ్చే బిసినోసిస్ ఏమిటో, సెలవు తరువాత సోమవారం పాళీకి పోగానే ఛాతీ పట్టేయడం ఏమిటో ఈ హాల్లో సగం మందికి తెలుసు. అది చట్టంలో వృత్తి వ్యాధిగా ఎక్కిన తరువాత కూడా కాగితాలు పట్టుకుని ఎన్నేళ్లు తిరిగామో కూడా తెలుసు. అందుకే మా మొదటి మాట: రేవుల్లో డీజిల్ పోవాల్సిందే. దీన్ని వ్యతిరేకించే కార్మిక సంఘం తన సభ్యుల ఊపిరికే అడ్డం పడినట్టు.

ఒడ్డు నుంచి ఓడకు తీగ

కట్టేసిన ఓడకు ఒడ్డు నుంచే కరెంటు ఇస్తే ఆ ఇంజన్లు ఆపేయొచ్చు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ రేవు 2000లోనే హై వోల్టేజి తీగతో ఇది మొదలుపెట్టింది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ రేవు 2004లో కంటైనరు ఓడలకు ఇచ్చింది. కాలిఫోర్నియా రాష్ట్రం నియమం పెట్టి 2014 నుంచి కంటైనరు ఓడల మీద అమలు చేసింది. ఐరోపాలో పెద్ద రేవులకు వచ్చే కంటైనరు ఓడలు, ప్రయాణికుల ఓడలు 2030 నుంచి ఇలా ఒడ్డు కరెంటు తీసుకోవాలని చట్టం ఉంది.

మన దేశంలో ఇక్కడ ఒక చిక్కుంది. ఓడల్లో ఎక్కువ భాగం 60 సైకిళ్ల కరెంటు మీద నడుస్తాయి. మనది 50. నేరుగా తగిలిస్తే కుదరదు, మధ్యలో మార్చే యంత్రం పెట్టాలి. అది ఖరీదైనది.

క్రేన్ల సంగతి సులువు. జనరేటరు తీసేసి, తీగ చుట్ట నుంచో, పక్కన వేసిన కరెంటు పట్టీ నుంచో సరఫరా ఇస్తారు. ఇంకో లాభం కూడా ఉంది. కంటైనరు ఎత్తేటప్పుడు కరెంటు ఖర్చవుతుంది, దించేటప్పుడు ఆ బరువే మోటారును తిప్పి కరెంటు పుట్టిస్తుంది. పాత డీజిల్ క్రేన్లు ఆ కరెంటును వేడిగా గాలికి వదిలేసేవి. పక్కన బ్యాటరీ ఉంటే దాచుకోవచ్చు.

బ్యాటరీ ఎందుకు?

మిల్లులో ఎలక్ట్రిక్ ఖాతాలో పనిచేసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బిల్లులో రెండు లెక్కలుంటాయి. నెలలో వాడిన యూనిట్లు ఒక లెక్క. ఒక్కసారిగా లాగిన అత్యధిక లోడు, అంటే మాగ్జిమం డిమాండ్, మరో లెక్క. పొద్దున పాళీలో మోటార్లన్నీ ఒక్కసారి వేయొద్దని, ఒకటి తరువాత ఒకటి వేయమని మనకు చెప్పేవాళ్లు, గుర్తుందా? రేవులోనూ అంతే. పది క్రేన్లు ఒకేసారి ఎత్తితే లోడు కొండెక్కుతుంది, మరుక్షణం పడిపోతుంది. మధ్యలో పెద్ద బ్యాటరీ పెడితే, తక్కువ వాడకం ఉన్న వేళ నింపుకుని ఎక్కువ కావాల్సిన క్షణంలో ఇస్తుంది. మన వీధి నీళ్ల ట్యాంకు లాంటిది. నల్లా సన్నగా వచ్చినా ట్యాంకు నిండి ఉంటే పొద్దున అందరికీ బిందెలు నిండుతాయి.

అమెరికాలోని శాన్ డియాగో రేవులో 2024 నుంచి బ్యాటరీతో నడిచే టగ్గు ఒకటి పనిచేస్తోంది. దాని బ్యాటరీలో ఆరు వేల యూనిట్లకు పైగా పడుతుంది. నెలకు 100 యూనిట్లు వాడే మన ఇళ్లు అరవై ఒక నెల గడపవచ్చు. అంతకు ముందున్న టగ్గు ఏడాదికి 30,000 గ్యాలన్లకు పైగా డీజిల్ తాగేదని ఆ కంపెనీ లెక్క. అంత కరెంటు ఒక్కసారిగా ఊరి లైను నుంచి లాగకుండా, ఒడ్డున కంటైనర్లలో బ్యాటరీలు పెట్టి, ఊళ్లో వాడకం తగ్గిన వేళ నింపి, వాటి నుంచి టగ్గుకు ఇస్తారు. ఆ రేవు పక్కనే బారియో లోగన్ అనే పేద మెక్సికన్ల బస్తీ ఉంది. ఆ పొగ మీద ఏళ్ల తరబడి పోరాడింది ఆ బస్తీ జనమే. ఈ మార్పు కంపెనీల దయ కాదని గుర్తుంచుకోండి.

మన రేవుల్లో ఏం జరుగుతోంది

కేంద్ర ప్రభుత్వం 2023 మేలో 'హరిత్ సాగర్' పేరుతో రేవులకు మార్గదర్శకాలు ఇచ్చింది. టన్ను సరుకుకు వెలువడే కార్బన్ 2030 నాటికి 30 శాతం, 2047 నాటికి 70 శాతం తగ్గాలి. రేవు యంత్రాల్లో సగం 2030 నాటికి కరెంటు మీదకు రావాలి. 2024 ఆగస్టులో టగ్గుల పథకం వచ్చింది. మొదటి విడతలో నవా షేవా, కాండ్లా, పారాదీప్, తూత్తుకుడి రేవులు తలా రెండు హరిత టగ్గులైనా తీసుకోవాలి. విశాఖ రేవుకు 10 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఉంది. 2025 సెప్టెంబరులో నవా షేవాలో బ్యాటరీ మార్చుకునే బరువు ట్రక్కులు మొదలయ్యాయి. ఖాళీ అయిన బ్యాటరీ తీసి, నిండినది పెట్టి, నిమిషాల్లో పంపేస్తారు.

ఈ మార్గదర్శకాల్లో శాతాలు బాగానే ఉన్నాయి. మనుషుల గురించి ఏ శాతం మీద పోట్లాడాలో మనమే రాసుకోవాలి. 1989 మేలో మొదలైన నవా షేవా రేవులో 2022 నాటికి టెర్మినళ్లన్నీ ప్రయివేటు నిర్వాహకుల చేతికి పోయాయి. రేవు సంస్థ ఇప్పుడు భూమి యజమాని మాత్రమే. కాబట్టి కొత్త యంత్రం దించే చెయ్యి వేరు, మార్గదర్శకం రాసే చెయ్యి వేరు.

ఒకే పెట్టెలో రెండు వస్తువులు

మిత్రులారా, అసలు విషయానికి వస్తున్నాం. కరెంటు యంత్రం ఒకటి. డ్రైవరు లేని యంత్రం వేరొకటి. ఈ రెండూ ఒకటి కావు. బ్యాటరీ ట్రక్కును మనిషి నడపొచ్చు. డీజిల్ బండి కూడా మనిషి లేకుండా నడవొచ్చు. కానీ యాజమాన్యాలు రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టి, పైన 'పర్యావరణం' అని చీటీ అంటించి దించుతాయి. అడ్డం చెప్పినవాడు పొగకు దోస్తు అయిపోతాడు.

2019లో లాస్ ఏంజెలెస్ రేవులో సరిగ్గా ఇదే జరిగింది. పియర్ 400 అనే పెద్ద టెర్మినల్లో ఏపీఎం టెర్మినల్స్ కంపెనీ చార్జింగ్ ర్యాకులకూ యాంటెన్నాలకూ కంచెలకూ అనుమతి అడిగింది. చూడటానికి చిన్న దరఖాస్తు. దాని వెనక ఉన్నది డ్రైవరు లేని బళ్లు. గాలి శుభ్రత నియమాల కోసమే ఇదంతా అన్నారు. డాకు కార్మికుల సంఘం వేలమందితో వీధికెక్కింది. "కరెంటు బండి తెండి, మేమే నడుపుతాం" అన్నది వాళ్ల వాదన సారాంశం. నగర కౌన్సిలు దాకా పోయింది. చివరకు కంపెనీకి అనుమతి దక్కింది, కార్మికులకు యంత్రాల మరమ్మత్తులో శిక్షణ ఒప్పందం దక్కింది. ఎందుకు అంతకే ఆగిపోయింది? 2008 ఒప్పందంలోనే యాంత్రీకరణకు యాజమాన్యాలకు హక్కు రాసిచ్చి ఉన్నారు. పదకొండేళ్ల కింద పెట్టిన సంతకం ఆ రోజు మాట్లాడింది.

అదే తీరంలో అదే సంఘం 1960లో ఇంకో రకం ఒప్పందం చేసుకుంది. హ్యారీ బ్రిడ్జెస్ నాయకుడు. యంత్రాలు తెచ్చుకోండి, అయితే లాభంలో మా వాటా ముందే లెక్కగట్టండి అన్నారు. అయిదున్నరేళ్లకు 2 కోట్ల 90 లక్షల డాలర్ల నిధి పెట్టించారు. నమోదైన కార్మికుడిని తీసెయ్యకూడదు, పని తగ్గితే వారానికి ఇంత అని హామీ, ముందుగా రిటైరయ్యే వాళ్లకు డబ్బు. దాంట్లో లోపాలూ ఉన్నాయి. పూర్తి నమోదు లేనివాళ్లకు ఆ రక్షణ అందలేదు. 2024 అక్టోబరులో అమెరికా తూర్పు తీరం డాకు కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. ఆరేళ్లలో 62 శాతం వేతన పెంపుకు ఒప్పించి, యాంత్రీకరణ మాట తేలేదాకా తుది ఒప్పందం మీదికి రాలేదు. 2025 జనవరిలోగానీ అది కుదరలేదు.

మా తప్పు మేము చెబుతాం

ఇతర దేశాల సంగతి చెప్పి మా సంగతి దాచుకోం. 1988లో మేము మిల్లులో బదిలీ కార్డు మీద చేరాం. పొద్దున భోంగా మోగేసరికి గేటు దగ్గర నిలబడటం, ఎవరైనా రాకపోతే లోపలికి పిలుపు రావడం. కొన్నేళ్లకు పర్మినెంటు అయ్యాం, కమిటీలోకి వచ్చాం. ఆ మిల్లు పేరు ఇప్పుడు అవసరం లేదు. మూతపడి చాలా ఏళ్లయింది.

ఒక రోజు చెక్క పెట్టెల్లో షటిల్ లేని మగ్గాలు వచ్చాయి. యాజమాన్యం కమిటీని పిలిచి చూపించింది. శబ్దం తక్కువ, షటిల్ ఎగిరి మొహానికి తగిలే భయం లేదు, బట్ట శుభ్రం. అంతా నిజమే. మేము ఏం అడిగాం? మీటరుకు రేటు ఎంత అని గట్టిగా కొట్లాడాం. పది రోజులు కూర్చుని రేటు పెంచుకున్నాం. బయటికొచ్చి దండలు వేయించుకున్నాం. ఎన్ని మగ్గాలకు ఎంతమంది అనే సంఖ్య ఆ కాగితంలో లేదు. మేము అడగలేదు.

ఎవరినీ తీసెయ్యలేదు. బదిలీవాళ్లను పిలవడం మానేశారు, అంతే. రోజూ భోంగాకు వచ్చి నిలబడేవాళ్లు. ఆరు నెలలు వచ్చారు. తరువాత రావడం మానేశారు. వాళ్లలో ఒకాయన, మేము బదిలీలో ఉన్నప్పుడు మాకు పని నేర్పినాయన, బజారులో కనపడి, "ఏం రా, కొత్త రేటు బాగుందా?" అని అడిగాడు. కోపంతో అడగలేదు. మామూలుగానే అడిగాడు. మాకు జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

అందుకే రేవు కుర్రాళ్లకు చెబుతున్నాం. రేటు కంటే ముందు సంఖ్య అడగండి.

బ్యాటరీ ప్రమాదం కూడా తెలుసుకోండి

దూది బేలు అంటుకుంటే ఎలా ఉంటుందో మనకు తెలుసు. పైన నీళ్లు కొట్టి ఆరిందనుకుంటాం, లోపల నిప్పు దాగి మర్నాడు మళ్లీ లేస్తుంది. లిథియం బ్యాటరీ కూడా అలాంటిదే. ఒక గది వేడెక్కి పక్క గదిని వేడెక్కిస్తుంది, విషవాయువు వస్తుంది, ఆరిపోయినది మళ్లీ అంటుకుంటుంది. 2024 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ రేవు దగ్గర పెద్ద లిథియం బ్యాటరీలు మోస్తున్న ట్రక్కు బోల్తాపడి అంటుకుంటే వంతెనా టెర్మినళ్లూ మూసేయాల్సి వచ్చింది. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోనే మాస్ లాండింగ్ అనే చోట విద్యుత్తు నిల్వ కేంద్రం తగలబడి చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. దీనికి భయపడి బ్యాటరీ వద్దనడం లేదు. డీజిల్ ట్యాంకూ ప్రమాదమే. అయితే బ్యాటరీ గది పక్కన నిలబడేవాడికి శిక్షణ, అలారం, బయటికి పోయే దారి ఉండాలి. కాంట్రాక్టు మనిషికి కూడా ఉండాలి.

ఇంకో మాట. మన దేశంలో ఇప్పటికీ విద్యుత్తులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే. రేవులో పొగ ఆగితే, ఆ కరెంటు పుట్టే చోట పెరగకూడదు. మన షోలాపూరు పక్కనే 1,320 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. కాబట్టి రేవుకు తీగతో పాటు సౌర, పవన విద్యుత్తూ, దాన్ని రాత్రికి దాచే బ్యాటరీలూ కావాలని అడగాలి.

అడగాల్సినవి

రేవులో పనిచేసే మన పిల్లలు, వాళ్ల సంఘాలు యాజమాన్యం ముందు పెట్టాల్సినవి ఇవి. ఇంటికి పోయి వాళ్లకు చదివి వినిపించండి.

1. కొత్త యంత్రం రాకముందే చెప్పాలి. ఉద్యోగాలు పోయే అవకాశమున్న యంత్ర మార్పుకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 చట్టం 9ఏ సెక్షను చెప్పేది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అదే 40వ సెక్షను. కాంట్రాక్టరు మనిషికి కూడా ఆ కబురు అందాలి.

2. కరెంటు యంత్రానికి ఒక ఒప్పందం, మనిషి లేని యంత్రానికి వేరే ఒప్పందం. రెండూ ఒకే కాగితంలో ఉంటే సంతకం పెట్టొద్దు.

3. ప్రతి క్రేనుకు, ప్రతి బండికి ఎంతమంది అనేది అంకెల్లో రాయాలి.

4. డీజిల్ మెకానిక్కుకు, డ్రైవరుకు పని గంటల్లోనే, పూర్తి కూలితో కొత్త శిక్షణ ఇవ్వాలి. బ్యాటరీ, చార్జింగ్ పనులు ముందు పాతవాళ్లకే ఇవ్వాలి.

5. బండి చార్జింగ్‌కు ఆగితే ఆ సమయానికి కూలి కట్టాలి. బ్యాటరీ నిమిషాల్లో మారుతుందని మనిషి విశ్రాంతి కొట్టేయకూడదు. బ్యాటరీకి చార్జింగ్ కావాలి, డ్రైవరుకు అక్కర్లేదా?

6. అగ్ని రక్షణ శిక్షణ అందరికీ ఇవ్వాలి.

7. డీజిల్ ఖర్చులో మిగిలేదాంట్లో కార్మికుడికి వాటా కావాలి. ముందుగా రిటైరయ్యేవాళ్లకు నిధి పెట్టాలి.

సోదర సోదరీమణులారా, దీపం వద్దని ఏ కార్మికుడూ అనలేదు. దీపం కింద 15 గంటలు వద్దన్నాడు. రేపు రేవు గాలి శుభ్రపడాలి, ఆ శుభ్రమైన గాలి పీల్చడానికి రేవులో పనివాడు ఉండాలి. గేటు బయట నిలబడి పీల్చే గాలి మనకొద్దు.

ఈ సభ అయ్యాక రేవులో పనిచేసే పిల్లలున్నవాళ్లు పేర్లు రాయించండి. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టే పని సంఘం చేస్తుంది. సంతకం పెట్టకముందు చేద్దాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి! మే దినం వర్ధిల్లాలి!